డబ్బు మాటలు, కొలువు మాటలు: మామిడి సీమలో పై స్థాయి ఇంగ్లీషు పదజాలం

చాట్రాయి మండలం 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరింది. అంతకు ముందు కృష్ణా జిల్లాలోది. నూజివీడు మామిడి సీమకు ఇది ఒక కొస. బంగినపల్లి, రసాలు, తోతాపురి కాచే తోటల నడుమ ఉంటుంది. ఈ సీమలో తోతాపురిని కలెక్టరు కాయ అంటారు. ఇలాంటి చోట డబ్బు గురించీ పని గురించీ పై స్థాయి ఇంగ్లీషు నేర్చుకోవడమంటే ఏమిటన్నది ఈ వ్యాస విషయం. పై స్థాయి అంటే బ్యాంకులో ఫారం నింపడానికి సరిపోయే ఇంగ్లీషు కాదు. రుణ ఒప్పందం చదివి ఫలానా షరతు ఒప్పుకోనని చెప్పడానికి, జీతం బేరమాడడానికి, దారిలో కుళ్లిన సరుకు నష్టం ఎవరి నెత్తిన పడుతుందో ముందే తేల్చుకోవడానికి పనికొచ్చే ఇంగ్లీషు. కోచింగు కేంద్రాల్లోనూ పుస్తకాల్లోనూ దీన్ని సాధారణంగా జాబితాలుగా నేర్పుతారు: ఎడమ పక్క గంభీరమైన మాట, కుడి పక్క దాని అర్థం. ఆ పద్ధతి ఎందుకు అంతంతమాత్రంగా పనిచేస్తుందో ఆలోచిస్తే, కష్టం మాట పొడవులోనో ఉచ్చారణలోనో లేదని తెలుస్తుంది. ప్రతి డబ్బు మాట వెనకా ఎవరు, ఎప్పుడు, ఎంత భారం మోయాలన్న ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ ఏర్పాట్లలో చాలావాటిని మామిడి రైతు, చీటీ సభ్యుడు, కూలీల మేస్త్రీ ఏనాటి నుంచో నడుపుతూనే ఉన్నారు. తెలిసిన ఏర్పాటుకు ఇంగ్లీషు పేరు తగిలించడం ఒక పూటలో అయిపోయే పని. మన వాడుక ఒకే మాటతో సరిపెట్టుకున్న దాన్ని ఇంగ్లీషు రెండుగా, మూడుగా విడదీసిన చోటే అసలు చదువు అవసరం.

కొత్త దొరతనంతో పాటు వచ్చిన డబ్బు మాటలను తెలుగు నేల నేర్చుకోవడం ఇది మొదటిసారి కాదు. గోల్కొండ సుల్తానుల కాలం నుంచీ శిస్తు, కోర్టు, వర్తకం పారసీ, అరబ్బీ మాటలతో నడిచాయి. రైతు, కౌలు, జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, జామీను, దస్తావేజు, దళారీ: వీటిలో ఏదీ బడిలో పాఠంగా రాలేదు. 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న ఇంగ్లీషు కంపెనీ, 1760లలో ఉత్తర సర్కారులు తన చేతికి వచ్చాక ఈ మాటలతోనే పాలించాల్సి వచ్చింది. మచిలీపట్నంలో కొలువు చేసిన సి.పి.బ్రౌన్ 1852లో వ్యవహారంలో వాడే పదాలకు జిల్లా నిఘంటువునూ, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలకు మరో నిఘంటువునూ అచ్చువేశాడు. 1855లో హెచ్.హెచ్.విల్సన్ న్యాయ, రెవెన్యూ పదాల కోశం లండన్‌లో వెలువడింది. నిఘంటువు ఎవరికి కావాల్సి వచ్చిందో చూడండి. చదువుకున్న దొరకు కావాల్సి వచ్చింది, అక్షరం రాని రైతుకు అక్కర్లేకపోయింది. రసీదు రైతు చేతిలోని కాగితం. అది పోతే శిస్తు మళ్లీ కట్టుకోవాలి. జామీను నిలబడితే ఎవరి ఎడ్లు పోతాయో ఊరంతా చూసింది. మాటను తప్పుగా పట్టుకుంటే జరిగే నష్టం తనదే కాబట్టి మాట నిలిచింది. అయితే ఈ ఉదాహరణను మరీ ముద్దు చేయకూడదు. మాట తెలిసినంత మాత్రాన లెక్క చదవడం రాలేదు. కరణంగారి గొలుసుకట్టు రాత రైతుకు అందేది కాదు, ఆ అందకపోవడంలోనే కరణీకపు పెత్తనం ఉండేది. 1984లో ఆ పదవి రద్దయింది. కాగితం మీద రాసినదాన్ని చదివి పెట్టే మధ్యవర్తి అవసరం మాత్రం రద్దు కాలేదు. ఇప్పుడు ఆ స్థానంలో లోను ఏజెంటు, కన్సల్టెన్సీ వారు ఉన్నారు. పై స్థాయి పదజాలం అసలు ప్రయోజనం ఈ మధ్యవర్తి మీద ఆధారపడడం తగ్గించుకోవడమే.

ఇంగ్లీషు మాటలు తెలుగులోకి ఇప్పటికే వరదలా వచ్చేశాయి కదా, ఇక నేర్చుకోవలసింది ఏముందన్న ప్రశ్న ఇక్కడ సహజం. అరువు మాట ఎప్పుడూ తన అర్థాలన్నిటినీ వెంటేసుకుని రాదు. ఊళ్లో ఫైనాన్స్ అంటే వడ్డీకి డబ్బిచ్చే ప్రైవేటు కొట్టు. పార్టీ అంటే రాజకీయ పక్షం, లేదా సరుకు కొనే ఆసామి. ఒప్పందంలో మాత్రం సంతకం పెట్టిన ప్రతివాడూ పార్టీయే. డ్యూటీ అంటే మనకు షిఫ్టు, ఎగుమతి కాగితంలో సుంకం. సెక్యూరిటీ అంటే గేటు దగ్గర కాపలా మనిషి, రుణపత్రంలో తాకట్టు. పిల్లవాడి ప్రగతి పత్రం మీద ఔట్‌స్టాండింగ్ అని ఉంటే మిఠాయి పంచుతాం, బ్యాంకు నోటీసులో అదే మాట కట్టని బాకీ. ఎగ్జిక్యూట్ అంటే దస్తావేజు రాసి సంతకం చేయడం. కన్సిడరేషన్ అంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ప్రతిఫలం, అది లేకపోతే సాధారణంగా ఒప్పందమే చెల్లదు. ఇవేవీ అరుదైన మాటలు కావు. పదో తరగతి దాటిన వారికి వీటిలో చాలా మాటలు వచ్చు, కనీసం వచ్చుననే అనుకుంటారు. ముప్పు అక్కడే ఉంది. తెలియని మాట ఎదురైతే మనిషి ఆగి ఎవరినైనా అడుగుతాడు. తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగడు.

పదజాల పరిశోధన కూడా ఈ వైపే చూపిస్తుంది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసి, బెంగాల్ పిల్లల ఇంగ్లీషు చదువును దగ్గరగా చూసిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మాటల మౌలిక జాబితా ప్రకటించాడు. ఆ జాబితాను దాటాక ఏం నేర్వాలన్న ప్రశ్నకు న్యూజిలాండ్ పండితురాలు ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000 సంవత్సరంలో జవాబిచ్చింది. 35 లక్షల మాటల విద్యాగ్రంథాల రాశిని జల్లెడపట్టి 570 పద కుటుంబాలు తేల్చింది. అవి మొత్తం రాశిలో 10 శాతం ఉంటే, వాణిజ్య విభాగపు పాఠాల్లో 12 శాతం దాకా ఉన్నాయి. వాటిలో మొదటి వరసలోనే కాంట్రాక్ట్, ఇన్‌కమ్, లేబర్, ఫైనాన్స్, బెనిఫిట్, ఎక్స్‌పోర్ట్ ఉన్నాయి. పాల్ నేషన్ 2006లో లెక్కకట్టినదాన్ని బట్టి, సాయం లేకుండా ఇంగ్లీషు పుస్తకమో పత్రికో చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలి. పెద్ద సంఖ్యే. కానీ ఒక రంగానికి పరిమితమైన కాగితాలకు అంత అక్కర్లేదు, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. కాక్స్‌హెడ్ జాబితా విశ్వవిద్యాలయపు పాఠాలది, రుణపత్రాలది కాదన్న అభ్యంతరం న్యాయమే. ఆ జాబితా చెప్పే సంగతి మాత్రం ఇక్కడా వర్తిస్తుంది: డబ్బు గురించి రాసేటప్పుడు భారమంతా మోసేవి మధ్యస్థాయి మాటలే. జాతీయాల పుస్తకంలోని తళుకు మాటలు ఏ బ్యాంకు పత్రంలోనూ కనబడవు.

ఇప్పుడు చాట్రాయి లాంటి ఊళ్లో ముందే తెలిసి ఉన్నదేమిటో చూద్దాం. ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుందని అప్పిచ్చేవాడికీ తెలుసు, తీసుకున్నవాడికీ తెలుసు. అందుకే గడువులోగా కొంత కట్టించి నోటు వెనక చెల్లు రాయించుకుంటారు. ఇది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమూ, 1963 నాటి లిమిటేషన్ చట్టమూ కలిసి నడిపే వ్యవహారం. లిమిటేషన్, ఎండార్స్‌మెంట్, పార్ట్ పేమెంట్ అన్న మూడు పేర్లు చెబితే చాలు, పాఠం అయిపోయినట్టే. ఇక చీటీ సంగతి. నెలకు 5,000 చొప్పున ఇరవై మంది కట్టే లక్ష రూపాయల చీటీని ఒకరు 25,000 తగ్గించి పాడుకున్నారనుకుందాం. చేతికి వచ్చేది 75,000. తగ్గిన దాంట్లో ఫోర్‌మన్ కమీషన్ 5,000 పోతే, మిగిలిన 20,000 తలా వెయ్యి చొప్పున డివిడెండ్‌గా పంచుతారు. ఎప్పుడో రావలసిన లక్ష ఇవాళ ఎంతకు సమానమో ఆ పాటలో ప్రతివాడూ లెక్క వేసుకుంటాడు. ఎంబీఏ పుస్తకం ప్రెజెంట్ వాల్యూ అనీ డిస్కౌంట్ అనీ పేరు పెట్టి ఒక అధ్యాయం కేటాయించేది దీనికే. చీటీల చట్టం 1982లో వచ్చింది, 2019 సవరణ ఫోర్‌మన్ కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది. చీటీ పాడిన మనిషికి డిస్కౌంట్ రేటును బల్ల మీద బొమ్మలతో వివరించడం గురువుకీ శిష్యుడికీ కాలయాపనే.

తెలిసిన ఏర్పాటు దగ్గర కూడా కొలత మారితే చిక్కు వస్తుంది. రూపాయి వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలైతే 24. ఊళ్లో కొలత నెల, బ్యాంకు కొలత ఏడాది. ఇంతవరకు గుణకారం చాలు. కానీ వాయిదాల్లో కట్టే అప్పు దగ్గర గుణకారం చాలదు. 10,000 అప్పు, 12 శాతం వడ్డీ, 12 నెలల వాయిదాలు అన్నప్పుడు, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరి దాకా వడ్డీ లెక్కిస్తే కట్టేది 11,200. చూడటానికి ఇది రూపాయి వడ్డీయే. నిజానికి నెలనెలా అసలు తీరుతూ ఉంటుంది, సగటున చేతిలో ఉన్నది సగం కంటే కొంచెం ఎక్కువ. తగ్గుతున్న బాకీ మీద లెక్కకడితే వడ్డీ ఏడాదికి 21 శాతం దాటుతుంది. ఫ్లాట్ రేట్, రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అన్న రెండు పేర్ల మధ్య తేడా ఇదే. 2006 మార్చిలో ఉమ్మడి కృష్ణా జిల్లాలో అధికారులు రెండు పెద్ద సూక్ష్మరుణ సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలు మూయించినప్పుడు, వసూళ్లలో ఒత్తిడితో పాటు వడ్డీ చెప్పే తీరు కూడా ఫిర్యాదుల్లో ఉంది. సూక్ష్మరుణాల చరిత్రలో ఈ ఘటనకు కృష్ణా సంక్షోభమనే పేరు నిలిచిపోయింది. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత దాన్ని చట్టం చేసి, సంస్థలు వడ్డీ రేటును అందరికీ కనబడేలా ప్రదర్శించాలనీ, మొత్తం వడ్డీ అసలును మించకూడదనీ నిబంధన పెట్టింది. అప్పు తీసుకున్న ఆడవాళ్లకు లెక్కలు రావనడం తప్పు. వాళ్లు డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసుకున్నవాళ్లు. రెండు రకాల వడ్డీకి రెండు పేర్లున్నాయనీ, ఏ పేరిటి వడ్డీయో అడగవచ్చనీ చెప్పినవారు లేకపోయారు.

ఇంతకంటే లోతైన చిక్కు మాఫీ అన్న మాటది. 2008లో కేంద్రం ప్రకటించిన పథకం ఇంగ్లీషు పేరులోనే రెండు మాటలున్నాయి, వెయివర్, రిలీఫ్. రెండు హెక్టార్ల లోపు రైతుకు అర్హమైన బాకీ మొత్తం తీసివేయడం మొదటిది. అంతకు మించి భూమి ఉన్నవారు 75 శాతం కడితే 25 శాతం తగ్గించడం రెండోది. తెలుగు పత్రికల్లో రెండూ రుణమాఫీలే అయ్యాయి. మాఫీ అయిందనుకుని మిగతాది కట్టకుండా కూర్చున్న రైతుకు రిలీఫ్ కూడా దక్కలేదు. ఇక రైటాఫ్ మరో సంగతి. బ్యాంకు తన పుస్తకాల్లోంచి మొండి బాకీని తొలగించుకుంటుంది, బాకీదారు మీద హక్కు మాత్రం వదులుకోదు. దాన్ని కూడా మాఫీ అని రాసే శీర్షికలు ఏటా కనిపిస్తాయి, దాని మీద రాజకీయ వాగ్వాదాలూ నడుస్తాయి. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు అనుమతించి ఆగస్టు 31 దాకా పొడిగించిన మొరటోరియం కూడా ఇలాగే అర్థమైంది. వాయిదా కట్టనక్కర్లేదన్నది నిజం. ఆ కాలానికి వడ్డీ పెరుగుతూనే ఉంటుందన్నది చాలామంది ఆలస్యంగా తెలుసుకున్న నిజం. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 మార్చి తీర్పులో వడ్డీ మీద వడ్డీ వేయకూడదని కోర్టు చెప్పింది, అసలు వడ్డీని మాత్రం రద్దు చేయలేదు. మాఫీ, ఉపశమనం, పుస్తకాల్లోంచి తొలగింపు, వాయిదాకు విరామం: ఈ నాలుగింటినీ వేరువేరుగా పట్టుకోగలిగినవాడికి పై స్థాయి పదజాలం వచ్చినట్టే లెక్క. యాభై జాతీయాలు బట్టీపట్టినవాడికి వచ్చినట్టు కాదు.

మామిడి తోట దగ్గర కూడా ఇలాంటి చీలికే ఉంది. కౌలు అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు బేరాలు నడుస్తాయి. భూమిని ఏళ్లకు ఏళ్లు ఇవ్వడం ఒకటి, సాగు చేసుకోవడానికి అనుమతించడం ఒకటి, పూత మీదో పిందె మీదో ఆ ఏటి కాపును అమ్మేయడం ఒకటి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో లీజు అంటే భూమి మీద కొంత హక్కు మారుతుంది. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టంలో లైసెన్సు అంటే అనుమతి మాత్రమే, హక్కేమీ మారదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెట్టు మీది కాయను చరాస్తిగా లెక్కిస్తుంది కాబట్టి కాపు అమ్మకం భూమి వ్యవహారమే కాదు, సరుకు అమ్మకం. ఈ తేడా పండితుల చర్చ కోసం పుట్టింది కాదు. కౌలుదారుకు రుణార్హత కార్డు ఇవ్వడానికి 2011లో చేసిన చట్టం అతన్ని టెనెంట్ అనలేదు, లైసెన్స్‌డ్ కల్టివేటర్ అంది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం క్రాప్ కల్టివేటర్ అంది, 11 నెలల ఒప్పందమూ భూయజమాని సంతకమూ అడిగింది. టెనెంట్ అంటే భూమి మీద హక్కు పుడుతుందేమోనన్న యజమానుల భయం ఆ మాటల ఎంపిక వెనక ఉంది. పేరు మార్చినా సంతకం పెట్టడానికి వెనకాడే యజమానులు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే కథ.

ఎగుమతి బేరంలో నష్టం పంపకం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936 నుంచి ప్రకటిస్తున్న ఇన్‌కోటర్మ్స్‌లో ఎఫ్ఓబీ, సీఐఎఫ్ అన్నవి ఓడ సరుకుకు సంబంధించినవి. సీఐఎఫ్‌లో ఓడ కిరాయి, బీమా అమ్మేవాడే కడతాడు. అందుకని దారిలో నష్టం కూడా అమ్మేవాడిదే అనుకుంటారు. కాదు. సరుకు ఓడెక్కగానే నష్టభారం కొనేవాడి మీదికి పోతుంది, అమ్మేవాడు కట్టిన బీమా కూడా కొనేవాడి రక్షణకే. ఖర్చు ఎక్కడిదాకా, నష్టభారం ఎక్కడిదాకా అన్నవి వేరువేరు గీతలు. పూత మీద తోట కొన్న వ్యాపారికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మే నెల గాలివానకు కాయ రాలితే ఎవరు భరించాలో ముందే మాట్లాడుకునే బేరం అది. 2014 మేలో పండుఈగ కారణంగా ఐరోపా సమాఖ్య భారతీయ మామిడిని ఆపేసి మరుసటి ఏడాది మళ్లీ అనుమతించినప్పుడు, మధ్యలో చిక్కుకున్న ఒప్పందాల్లో ఫోర్స్ మజ్యూర్ అనే షరతు ఏం చెబుతుందన్నది డబ్బు ప్రశ్న అయింది. ఆ షరతు లేని చోట మన కాంట్రాక్టు చట్టం 56వ సెక్షను, అంటే అసాధ్యమైన ఒప్పందం రద్దవడం, దిక్కవుతుంది.

కొలువు మాటల దగ్గర పరిస్థితి కాస్త వేరు. ఇక్కడ పాత ఏర్పాటు తక్కువ. నూజివీడులో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల ఇంజనీరింగు చదువుకు తీసుకుంటుంది. అక్కడి నుంచి బయటికి వచ్చే పిల్లల్లో చాలామందికి చేతికందే మొదటి ఇంగ్లీషు ఒప్పందం నియామక పత్రమే. ఏటా ఆరు లక్షల ప్యాకేజీ అంటే ఇంట్లో నెలకు యాభై వేలనుకుంటారు. మూల వేతనం మూడు లక్షలైతే, యజమాని భవిష్యనిధి వాటా 36,000, ఉద్యోగి వాటా మరో 36,000, గ్రాట్యుటీ కింద సుమారు 14,430 పక్కకు పోతాయి. పన్నులూ బీమా తీయక ముందే నెలకు చేతికొచ్చేది 43,000 లోపు. 1972 చట్టం గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు అడిగింది. రెండేళ్లకే సంస్థ మారేవాడికి ఆ 14,430 కాగితం మీది అంకె. కూలి, జీతం, బత్తెం అన్న మూడు మాటలతో పెరిగిన ఇంట్లో కాస్ట్ టు కంపెనీ అనే భావనకు సాటి లేదు, ఎందుకంటే అది పనివాడికి అందే డబ్బు కాదు, పనివాడి మీద యజమాని పెట్టే ఖర్చు. చూసే వైపే మారిపోయింది. సముద్రం దాటితే మరో మెలిక. అమెరికాలో మోంటానా తప్ప మిగతా రాష్ట్రాల్లో సాధారణంగా నోటీసు లేకుండానే ఉద్యోగం తీసేయవచ్చు, నోటీసు పీరియడ్‌కు అలవాటుపడిన మన ఇంజనీరుకు ఇది మింగుడు పడదు. బెంచి మీద కూర్చోబెట్టడం తెలుగు సాఫ్ట్‌వేర్ ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే. హెచ్-1బీ మీద ఉన్నవారికి ప్రాజెక్టు లేని కాలంలో కూడా జీతం ఇవ్వాలని 1998 నాటి అక్కడి చట్టం చెబుతుందన్నది అంతగా తెలియదు. ఉద్యోగం పోయాక 60 రోజుల దాకా ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ 2017లో వచ్చింది. గ్రేస్ అన్న మాటకు ఇక్కడ దయతో సంబంధం లేదు, ఆ గడువును తగ్గించే అధికారం కూడా అక్కడి ప్రభుత్వానికి ఉంది.

తెలుగు ఏర్పాటు మీద నిలబడి ఇంగ్లీషు నేర్చుకుంటే ధారాళంగా మాట్లాడడం రాదనీ, తలలో అనువాదం నడుస్తూనే ఉంటుందనీ ఇంగ్లీషు మాధ్యమపు పక్షం వారు అంటారు. వారి మాటలో కొంత నిజం ఉంది. చర్చలో తడుముకోకుండా మాట్లాడడానికి వినికిడీ అభ్యాసమూ కావాలి, జాబితాలు మళ్లీ మళ్లీ తిరగేయడం కూడా కావాలి. విరామాలిచ్చి నెమరువేస్తే జ్ఞాపకం నిలుస్తుందని 1885లో ఎబ్బింగ్‌హౌస్ చూపినది ఇప్పటికీ చెల్లుతుంది. కానీ ధార వేరు, పట్టు వేరు. ఫ్లాట్ రేట్ అంటే ఏమిటో తెలియకుండా ధారాళంగా సంతకం పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. 2019 నవంబరులో రాష్ట్రం ప్రాథమిక బడులను పూర్తిగా ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ గొడవలో పెద్దగా గుర్తింపు పొందని మంచి పని ఒకటి జరిగింది: ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉన్న పాఠ్యపుస్తకాలు. డబ్బు పాఠానికి సరిగ్గా అలాంటి పుస్తకమే కావాలి. ఇంటర్వ్యూల్లో తళుకు మాటలకే మార్కులు పడతాయన్న మరో అభ్యంతరానికి గురజాడ 1897లో అచ్చువేయించిన కన్యాశుల్కంలోని గిరీశమే సాక్షి. ఆ తళుకు పనిచేస్తుంది, అతని శిష్యుడు వెంకటేశం లాంటి శ్రోత దొరికినంత కాలం. జీతం ఎంతో అడగాల్సిన ఘట్టంలో ఎదుటివాడు వెంకటేశం కాడు.

ఇంకో వాదం బలమైనది. కాగితాలనే తెలుగులో ఇమ్మని అడగాలి కానీ, జనం అంతా ఇంగ్లీషు ఎందుకు నేర్వాలి? 1966 నాటి అధికార భాషా చట్టం స్ఫూర్తి అదే. రిజర్వు బ్యాంకు కూడా 2024 ఏప్రిల్ ఉత్తర్వులో, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ రుణాలకూ చిన్న సంస్థల టర్మ్ రుణాలకూ కీలకాంశాల పత్రం ఇవ్వాలనీ, అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలనీ చెప్పింది. ఈ హక్కును గట్టిగా అడగాలి, సందేహం లేదు. అయినా అది రెండో పనికి అడ్డం కాదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పై కోర్టుల భాష ఇంగ్లీషు. విదేశీ కొనుగోలుదారు తెలుగులో ఒప్పందం రాయడు. పైగా తెలుగు చేసినంత మాత్రాన కాగితం తేలిక కాదు. అపరిచితమైన సంస్కృత సమాసం ఇంగ్లీషు మాటంత దూరంగానే ఉంటుంది, రైటాఫ్‌ను మాఫీ చేసినట్టు కొన్నిసార్లు తప్పుదారి కూడా పట్టిస్తుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పరిభాషా పదకోశాలు ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట ఎదురుగా పెట్టాయి. పాఠ్యపుస్తకాల రచయితకు అవి మేలు చేశాయి, బాకీదారుకు ఆ సమీకరణం చాలదు.

చాలేది ఏదో సూచించే పని ఒకటి అంతకు ముందే జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి, ఆ పని చేసేవారి నోటి నుంచే సేకరించింది. చేనేత సంపుటి 1971లో వచ్చింది. మాటను దాని పనిముట్టుతో, దాని పనితో కలిపి పట్టుకున్న పద్ధతి అది. డబ్బు ఇంగ్లీషుకు ఆ పద్ధతిని తిరగేసి వాడుకోవచ్చు. కాగితాన్ని ముందు పెట్టుకుని, ప్రతి షరతూ ఊళ్లోని ఏ ఏర్పాటుకు దగ్గరగా ఉందో, ఎక్కడ విడిపోతుందో రాసుకుంటూ పోవడం. మొదలుపెట్టడానికి కీలకాంశాల పత్రం కంటే అనువైనది లేదు. పొడవు తక్కువ, అదే ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అడిగి తీసుకోవచ్చు. దానిలో వార్షిక శాతపు రేటు అనే గడి ఒకటి ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము, బీమా లాంటి ఖర్చులన్నీ కలిపి తగ్గే బాకీ మీద ఏడాదికి ఎంత పడుతుందో చెప్పే అంకె అది. దాన్ని 12తో భాగిస్తే ఈ అప్పు ఎన్ని రూపాయల వడ్డీయో దాదాపుగా తేలిపోతుంది. ఏజెంటు చెప్పిన రేటుకూ ఆ అంకెకూ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో పత్రంలోని మిగతా గడులు చూసి వెతకడమే మొదటి పాఠం. ఆ వెతుకులాటలో ఎదురయ్యే ఇరవై ముప్ఫై మాటలు తర్వాత నియామక పత్రంలోనూ, ఎగుమతి ఒప్పందంలోనూ మళ్లీ కనిపిస్తాయి, ఒక్కోసారి కొత్త అర్థంతో.